నెలనెలా నలిపే నొప్పికి నాలుగు దిక్కుల కట్టడి: ఎండోమెట్రియోసిస్ ఉన్న ఇంటికి చిట్కాలు

నెలసరిలో కడుపునొప్పి ఎవరికి లేదు అని మన తెలంగాణలోని పాన్‌గల్ వైపు తేలిగ్గా కొట్టిపారేస్తారు. కానీ పల్లికాయ తెంపడానికి పోలేనంత, పిల్ల బడి మానేసేంత, మంచం దిగలేనంత నొప్పి నెలనెలా వస్తుంటే అది ఓర్చుకోవాల్సిన నొప్పి కాదు, చూపించుకోవాల్సిన జబ్బు. గర్భసంచి లోపలి పొరలాంటిది సంచి బయట, అండాశయాల మీద, పేగుల మీద పెరిగితే దాన్ని ఎండోమెట్రియోసిస్ అంటారు. నెలసరి వచ్చే వయసు ఆడవాళ్లలో పదిమందికి ఒకరిలో ఇది ఉంటుందని, జబ్బు పేరు తేలడానికే నాలుగు నుంచి పన్నెండేళ్లు పడుతోందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

దీన్ని పూర్తిగా మాయం చేసే మందు ఇంకా రాలేదు. ఒక్క గోలీ, ఒక్క కాపడం, ఒక్క ఆసనం దీన్ని ఆపలేవు. మందు, వేడి, కదలిక, తిండీ నిద్రా, ఈ నాలుగింటినీ డాక్టరమ్మకు తెలిసేలా కలిపి వాడితే మాత్రం నొప్పి లొంగే వీలుంది. ఆ కలపడం ఎలాగో చెబుతాను, వినండి.

ముందు లెక్క రాయండి

1. గోడ మీది తెలుగు క్యాలెండర్‌లోనే రోజూ రాత్రి నొప్పికి 0 నుంచి 10 దాకా ఒక అంకె వేయండి. రెండు నెలలు తిరిగేసరికి నొప్పి ఏ రోజు ముదురుతుందో ముందే తెలుస్తుంది, ఆ రోజుకు నాట్లు గానీ చుట్టాల ఇంటి ప్రయాణం గానీ ఒప్పుకోరు.

2. అంకె పక్కనే గుర్తులు పెట్టండి: గోలీకి ‘గో’, కాపడానికి ‘కా’, నడకకు ‘న’. ఏవి కలిసిన రోజు అంకె దిగిందో ఒక్క చూపులో కనబడుతుంది.

3. ఇంటి పద్ధతులన్నీ ఒకేసారి మొదలుపెట్టొద్దు. ఒకటి కుదిరాక ఇంకొకటి కలుపుతూ ఒక్కోదానికి రెండు మూడు నెలసరుల గడువివ్వండి, పనికిరానిదాని మీద డబ్బు పోదు. డాక్టర్ రాసిన మందుకు మాత్రం ఈ ఆగడం లేదు, అది వెంటనే మొదలుపెట్టాలి.

4. దొడ్డికి పోయేటప్పుడు నొప్పి, మూత్రంలో మంట, భర్తతో కలిసినప్పుడు నొప్పి, నడుములోంచి తొడల్లోకి పాకే పోటు ఉంటే అవీ రాయండి. నోటితో చెప్పడానికి సిగ్గనిపిస్తే ఆ కాగితమే డాక్టరమ్మ చేతికివ్వండి, ఆమెకు సగం జబ్బు అక్కడే తెలుస్తుంది.

5. పాత చీటీలు, స్కాన్లు, రక్తపరీక్షలు అన్నీ తేదీల వరుసలో ఒకే కవరులో పెట్టుకోండి. కొత్త డాక్టర్ దగ్గరికి పోయిన ప్రతిసారీ అదే స్కాన్‌కు మళ్లీ డబ్బు కట్టే బాధ తప్పుతుంది.

గోలీలు వాడే తీరు

6. నొప్పి తగ్గించే గోలీని నొప్పి ముదిరాక కాదు, సన్నగా మొదలైనప్పుడే వేసుకోండి. నొప్పి ఏ రోజు వస్తుందో క్యాలెండర్‌ను బట్టి తెలిస్తే, డాక్టర్ ఒప్పుకున్నాక ముందురోజు నుంచే మొదలుపెట్టొచ్చు. తక్కువ గోలీలతో ఎక్కువ సుఖం.

7. ఖాళీ కడుపున వద్దు. ఒక రొట్టె గానీ నాలుగు ముద్దలు పెరుగన్నం గానీ తిన్నాక వేసుకుంటే కడుపులో మంట తగ్గుతుంది.

8. మెఫెనమిక్ యాసిడ్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ మూడూ ఒకే జాతి మందులు. రెండు కలిపి మింగితే నొప్పి రెట్టింపు తగ్గదు, కడుపులో పుండు పడొచ్చు, కిడ్నీలు దెబ్బతినొచ్చు. ఒక్కటి చాలకపోతే పారాసెటమాల్ కలపొచ్చా అని డాక్టర్‌నే అడగండి.

9. అల్సర్, ఆయాసం, కిడ్నీ జబ్బు, బీపీ ఉన్నా, నెల తప్పినట్టు అనుమానం ఉన్నా గోలీ రాసేముందే చెప్పండి. ఒక్క మాటతో పెద్ద ఆపద తప్పుతుంది.

10. మెఫెనమిక్ వేసుకున్నాక ఒంటిమీద దద్దుర్లు, జ్వరం, ముఖం వాపు కనబడితే ఆపేసి వెంటనే దవాఖానకు పోండి. ఈ మందు గురించి ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ 2023 చివర్లో దేశమంతటికీ హెచ్చరిక ఇచ్చింది.

11. డైనోజెస్ట్ లాంటి హార్మోన్ గోలీ రాస్తే రోజూ ఒకే టైముకు వేసుకోండి, ఫోన్లో అలారం పెట్టుకుంటే మరిచిపోరు. మొదటి నెలల్లో చుక్కచుక్కగా మరక కనబడటం మామూలే, దానికి భయపడి మీ అంతట మీరు ఆపొద్దు.

12. డైనోజెస్ట్‌ను పిల్లలు పుట్టకుండా ఆపే మాత్ర అనుకోవద్దు. ఆ జాగ్రత్త వేరే కావాలంటే డాక్టరమ్మనే అడిగి తీసుకోండి.

13. గర్భనిరోధక మాత్రలను మధ్యలో ఆపకుండా వరుసగా వాడమని డాక్టర్ చెబితే, నెలసరి రాకపోతే చెడు రక్తం లోపల పేరుకుంటుందని బెంగపడొద్దు. ఆ మందుతో పొర మందంగా పెరగదు, కాబట్టి పేరుకునేదేమీ ఉండదు.

14. కళ్ల ముందు మెరుపులతో వచ్చే తలనొప్పి, బీపీ, కాలి నరంలో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉంటే ఆ మాత్రలు రాయకముందే చెప్పండి. అలాంటివాళ్లకు వేరే హార్మోన్ మందు ఉంది.

15. గోలీ రోజూ గుర్తుండదనుకునేవాళ్లు సంచిలో పెట్టే హార్మోన్ లూప్ గురించి అడగండి, ఒక్కసారి పెడితే ఏళ్లపాటు పనిచేస్తుంది. కాపర్ టీ వేరు, దాంతో రక్తస్రావం, నొప్పి పెరగొచ్చు. పేరు సరిగ్గా అడిగి పెట్టించుకోండి.

16. చీటీ మీద కంపెనీ పేరు కాకుండా మందు పేరు రాయమనండి. అదే మందు జన ఔషధి కేంద్రంలో చాలా తక్కువకు దొరుకుతుంది, ‘సువిధ’ ప్యాడ్లు కూడా అక్కడ ఒక్కోటి రూపాయికే ఇస్తున్నారు.

17. నెలనెలా ఊళ్లో సూది వేయించుకుని పూట గడపొద్దు. ఆ డబ్బు నాలుగు నెలలు దాచితే పెద్ద డాక్టర్ దగ్గరికి పోయి అసలు జబ్బు తేల్చుకోవచ్చు.

కాపడం

18. గోలీ మింగిన వెంటనే పొత్తికడుపు మీద వేడినీళ్ల బ్యాగు పెట్టుకోండి. మందు ఎక్కేలోగా వేడి నొప్పిని పట్టి ఉంచుతుంది, రెండూ కలిస్తే ఉపశమనం తొందరగా వస్తుంది.

19. బ్యాగులో సలసల కాగే నీళ్లు పోయొద్దు. ముప్పావు వరకు నింపి, గాలి నొక్కి తీసి, మూత బిగించి తువ్వాల చుట్టండి. బ్యాగు పగలదు, ఒళ్లు కాలదు.

20. బ్యాగు లేకుంటే దొడ్డుప్పు పెంకు మీద వేయించి పాత నూలుబట్టలో మూటకట్టండి. ముందు ముంజేతికి తాకించి చూసుకున్నాకే కడుపు మీద పెట్టండి. ఖర్చేమీ లేదు, ఆ ఉప్పే మళ్లీమళ్లీ పనికొస్తుంది.

21. ఒక్కోసారి పావుగంట, ఇరవై నిమిషాలు చాలు, తర్వాత నడుము కిందికి మార్చండి. గంటలకొద్దీ ఒకేచోట పెడితే చర్మం మీద వలలాంటి నల్లమచ్చలు పడతాయి. నిద్ర వస్తుంటే బ్యాగు పక్కన పెట్టేయండి.

22. చేనుకు గానీ అంగడికి గానీ పోక తప్పకపోతే చిన్న ఫ్లాస్కులో వేడినీళ్లు, ఖాళీ బ్యాగు వెంట తీసుకుపోండి. సద్ది తినే టైములో నింపుకుని పెట్టుకుంటే సాయంత్రం దాకా నిలబడతారు.

23. టెన్స్ అనే చిన్న బ్యాటరీ యంత్రం చర్మం మీద సన్నగా జిల్లుమనిపించి నొప్పిని మరిపిస్తుంది. కొనే ముందు ఫిజియో దగ్గర పెట్టించుకుని చూడండి, సరిపడకపోతే డబ్బు మిగులుతుంది. గర్భిణులు, గుండెకు పేస్‌మేకర్ ఉన్నవాళ్లు వాడొద్దు.

కదలిక, పని

24. నొప్పి లేని రోజుల్లో అరగంట నడవండి, చెరువు కట్ట మీదైనా ఖిల్లా వైపైనా సరే. ఆ రోజుల్లో అలవాటైన ఒళ్లు నొప్పి రోజుల్లో తొందరగా బిగుసుకోదు.

25. నొప్పి రోజున పెద్ద ఆసనాలు వద్దు. మోకాళ్ల మీద కూర్చుని ముందుకు వంగే శశాంకాసనం, చేతులూ మోకాళ్లూ నేలకు ఆనించి నడుము పైకీ కిందికీ ఆడించే మార్జాలాసనం, ఈ రెండూ పది నిమిషాలు చేస్తే నడుము పట్టు వదులుతుంది.

26. వెల్లకిలా పడుకుని నాలుగు లెక్కపెట్టేలోగా కడుపు ఉబ్బేలా ఊపిరి పీల్చి, ఆరు లెక్కపెట్టేదాకా వదలండి. బిగబట్టిన కింది కండరాలు సడలుతాయి, పైసా ఖర్చు లేదు.

27. ఫోన్లో చూసి కింది కండరాలు బిగించే కెగెల్ వ్యాయామాలు మొదలుపెట్టొద్దు. ఏళ్లతరబడి నొప్పి పడ్డవాళ్లకు ఆ కండరాలు ముందే బిగుసుకుని ఉంటాయి, వాళ్లకు వదులు చేయడం కావాలి. పెల్విక్ ఫిజియోథెరపీ తెలిసినవాళ్లు చూసి నేర్పుతారు.

28. పల్లికాయ తెంపేటప్పుడు, కూరగాయలు తరిగేటప్పుడు గొంతుకూర్చోకుండా చిన్న పీట వేసుకోండి, అరగంటకోసారి లేచి నాలుగడుగులు వేయండి. అదే పని అయిపోతుంది, సాయంత్రానికి పొత్తికడుపు బరువు తక్కువుంటుంది.

29. గద్వాల వైపు మగ్గం గుంటలో కూర్చుని నేసే ఆడవాళ్లు నడుము వెనక గట్టి దిండు పెట్టుకోండి, గంటకోసారి బయటికొచ్చి ఒళ్లు విరుచుకోండి. బరువైన జరీ అంచు పనిని నొప్పి లేని వారానికి, తేలిక పనిని నొప్పి వారానికి పెట్టుకుంటే నేత ఆగదు.

30. నెలసరికి రెండు రోజుల ముందే బిందెలు, డ్రమ్ములు నింపి పెట్టించుకోండి. ఆ రోజుల్లో పెద్ద బిందె బదులు చిన్న బకెట్ రెండుసార్లు తెచ్చుకోవడం మేలు.

తిండి, నిద్ర

31. జొన్నరొట్టెతోనో సజ్జరొట్టెతోనో పాలకూర, తోటకూర ఏదో ఒక ఆకుకూర రోజూ తినండి. మలబద్ధకం తగ్గితే పేగుల దగ్గర నొప్పి కొంత తేలికవుతుంది, మన ఇంటి తిండే మందుకు తోడవుతుంది.

32. అవిసె గింజలు దోరగా వేయించి ఎండుమిర్చి, ఎల్లిపాయ, ఉప్పుతో పొడి కొట్టి సీసాలో పెట్టుకోండి. రొట్టెలోకి రోజూ ఒక చెంచా వేసుకుంటే పీచు, మంచి కొవ్వు రెండూ అందుతాయి.

33. జూరాల చేపలు గానీ సోమశిల చేపలు గానీ దొరికిన వారం వేపుడు మానేసి పులుసు పెట్టండి. నూనె మిగులుతుంది, ఒంటికి బలం.

34. ఏం తిన్న రోజు కడుపు ఉబ్బుతోందో గమనించండి. శనగపప్పు, గోబీ, పాలు లాంటి వాటిలో ఒక్కదాన్నే రెండు వారాలు ఆపి చూడండి. తేడా లేకపోతే మళ్లీ తినండి, ఊరికే అన్నీ మానేస్తే నీరసం మిగులుతుంది.

35. రక్తం ఎక్కువ పోయేవాళ్లు హిమోగ్లోబిన్ చూపించుకోండి, గర్భం లేని ఆడవాళ్లకు 12 కన్నా తగ్గితే రక్తహీనతే. ఐరన్ గోలీ నిమ్మరసం నీళ్లతో వేసుకోండి, చాయ్‌కీ గోలీకీ రెండు గంటల ఎడం ఉంచండి. గోలీ ఒంటికి పడుతుంది.

36. నొప్పి రోజుల్లో దంచిన అల్లం మరిగించిన నీళ్లు రెండు పూటలా తాగండి, వాంతి, కడుపులో తిప్పుడు తగ్గుతాయి. రక్తం పలచబడే మందు వాడేవాళ్లు అడిగాకే తాగండి.

37. రాత్రి పసుపు పాలు హాయిగా తాగండి, కానీ పసుపు క్యాప్సూళ్లు సొంతంగా కొని మింగొద్దు. ఎక్కువ మోతాదు కొందరిలో కాలేయాన్ని దెబ్బతీసింది.

38. ఆయుర్వేదం, హోమియో వాడుతుంటే ఆ సంగతి అల్లోపతి డాక్టర్‌కు, ఈ మందుల సంగతి వాళ్లకు చెప్పండి. పేరు, చీటీ లేని పొడులు, భస్మాలు ఎంత చవకైనా వద్దు, వాటిలో సీసం, పాదరసం ఉండొచ్చు.

39. పక్కకు తిరిగి, మోకాళ్ల మధ్య దిండు పెట్టుకుని పడుకోండి, నడుము లాగదు. నిద్ర తగ్గిన మర్నాడు అదే నొప్పి ఎక్కువగా తోస్తుంది, అందుకే ఆ వారం రాత్రి పనులు ఇంకొకరికి అప్పజెప్పండి.

ఇల్లు, మనసు

40. గోలీలు, బ్యాగు, ప్యాడ్లు, మార్చుకునే బట్టలు, బిస్కెట్ పొట్లం ఒకే డబ్బాలో పెట్టి ఇంట్లో అందరికీ చోటు చూపించండి. అర్ధరాత్రి నొప్పి వచ్చినా లేచి వెతికే పని ఉండదు.

41. నెలసరికి ముందే కారంపొడులు, పుంటికూర పచ్చడి చేసి పెట్టుకోండి. ఆ రోజు అన్నం ఎవరు వండినా పూట గడిచిపోతుంది.

42. ఇంటాయనకు, అత్తమ్మకు క్యాలెండర్ అంకెలు చూపించండి. నటిస్తోందన్న మాట వినాల్సిన పని ఉండదు, ఎనిమిది దాటిన రోజున పొయ్యి వాళ్లు చూసుకుంటారు.

43. కలిసినప్పుడు నొప్పి ఉంటే భర్తకు విప్పి చెప్పండి, డాక్టరమ్మకూ చెప్పండి. రోజు మార్చుకోవడం, జెల్ వాడటం, మెల్లగా ఉండటం వల్ల చాలామందికి ఊరట ఉంటుంది, ఓర్చుకోవడం మాత్రం మందు కాదు.

44. పెళ్లయితే తగ్గుతుంది, కాన్పయితే పోతుంది అని ఆడపిల్లను ఆపొద్దు. నెలసరికి బడి మానేస్తున్న పిల్లను ఈ నెలలోనే డాక్టర్‌కు చూపిస్తే ఆమె చదువు, ఒళ్లు రెండూ దక్కుతాయి.

45. నొప్పితో దిగులు ముదిరి ఏడుపు, నిద్రలేమి వస్తుంటే 14416కు ఫోన్ చేయండి. టెలి మానస్‌లో ఉచితంగా, తెలుగులో మాట్లాడతారు.

దవాఖాన దారి

46. మంగళవారం మంగళవారం ‘ఆరోగ్య మహిళ’ క్లినిక్‌లు నడిపేలా మన రాష్ట్రంలో 2023 మార్చి 8న మొదలుపెట్టారు, నెలసరి సమస్యలు అందులో చూస్తారు. మీకు దగ్గరలో ఏ కేంద్రంలో ఉందో ఆశా అక్కను అడిగి పోండి.

47. వనపర్తిలో, నాగర్‌కర్నూల్‌లో 2022లో సర్కారు మెడికల్ కాలేజీలు వచ్చాయి. ముందు అక్కడి ఆడవాళ్ల డాక్టర్లకు చూపించుకుని, వాళ్లు రాసిస్తేనే హైదరాబాద్ పోండి. ఒక రోజు కూలీ, తోడు వచ్చేవాళ్ల ఖర్చు మిగులుతాయి.

48. మహాలక్ష్మి పథకంలో 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులు ఉచితం. ఆధార్ వెంట ఉంచుకోండి, బస్సు ఖర్చుకు భయపడి మళ్లీ చూపించుకోవడం మానొద్దు.

49. మామూలు స్కాన్‌లో ఏమీ లేదన్నారని జబ్బు లేదని కాదు, ఈ జబ్బు చిన్న మచ్చలు అందులో కనబడకపోవచ్చు. ఈ జబ్బు చూసిన అనుభవం ఉన్నవాళ్లతో లోపలి స్కాన్, అవసరమైతే ఎంఆర్‌ఐ చేయించాలా అని అడగండి. కోసి చూశాకే మందు అన్న రోజులు పోయాయి, లక్షణాలను బట్టి కూడా మొదలుపెడుతున్నారు.

50. పిల్లలు కావాలనుకుంటున్నారా లేదా అన్నది మొదటి మాటగానే చెప్పండి. హార్మోన్ మందులు వాడినన్నాళ్లు గర్భం నిలిచే వీలు బాగా తగ్గుతుంది, పిల్లలు కావాలనుకునేవాళ్లకు దారే వేరు.

51. చిన్న రంధ్రాలతో చేసే ఆపరేషన్‌తో మచ్చలు, అండాశయాల్లోని చాక్లెట్ సిస్టులు తీసేశాక పని అయిపోయిందనుకోవద్దు. పిల్లల ఆలోచన వెంటనే లేకపోతే తర్వాత హార్మోన్ మందు కొనసాగించమంటారు, అలా చేస్తే మళ్లీ వచ్చే అవకాశం తగ్గుతుంది.

52. గర్భసంచి తీసేస్తే పీడ పోతుందంటే తొందరపడొద్దు. సంచి బయట పెరిగినది అలాగే ఉంటే నొప్పి మిగలొచ్చు, అండాశయాలు కూడా తీసేస్తే చిన్న వయసులోనే ముట్లుడిగి ఎముకలు బలహీనపడతాయి. ఇంకో డాక్టర్ మాట తప్పకుండా తీసుకోండి.

53. ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో దేశం మొత్తం మీద నూటికి ముగ్గురికి సంచి తీసేస్తే, తెలంగాణలో నూటికి ఎనిమిది మందికి తీసేశారు. అనవసర ఆపరేషన్లు ఆపే నిబంధనలు అమలు చేయమని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలన్నిటినీ ఆదేశించింది. ఎందుకు తీయాలి, వేరే దారేముంది అని అడగడం మీ హక్కు.

54. నిజంగా ఆపరేషన్ కావాల్సి వస్తే అప్పు చేసే ముందు ఆరోగ్యమిత్రను కలవండి. ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో 10 లక్షలకు పెరిగింది, మీ ఆపరేషన్ అందులో ఉందో లేదో ఆయనే చెబుతారు.

55. ఉన్నట్టుండి ఒకవైపు భరించలేని పోటు, జ్వరంతో నొప్పి, కళ్లు తిరిగి పడిపోవడం, నెల తప్పాక నొప్పి, గంటకో ప్యాడ్ తడిసేంత రక్తం, వీటిలో ఏది వచ్చినా కాపడంతో కూర్చోవద్దు. వెంటనే 108కు ఫోన్ చేయండి.

నాలుగూ కలిపే తీరు

56. ఒక్కొక్కటిగా అన్నీ కుదిరాక, నొప్పి రోజు పొద్దున: రొట్టె తిని గోలీ, వెంటనే ఇరవై నిమిషాలు కాపడం, ఆ వేడి ఉండగానే పది నిమిషాలు ఆ రెండు ఆసనాలు. వేడికి కండరం మెత్తబడి ఉంటుంది కాబట్టి ఒళ్లు సులువుగా వంగుతుంది.

57. మధ్యాహ్నం: మెత్తటి అన్నం, ఆకుకూర పప్పు, తర్వాత అల్లం నీళ్లు, అరగంట పక్కకు తిరిగి పడుకోవడం. రెండో గోలీ డాక్టర్ చెప్పిన గడువు దాటాకే.

58. సాయంత్రం వాకిట్లో నెమ్మదిగా పది నిమిషాల నడక, రాత్రి నడుము మీద వేడినీళ్లు పోసుకుని స్నానం, టైముకు హార్మోన్ గోలీ, పడుకున్నాక ఊపిరి లెక్క. ఇందులో ఏదీ గంట పట్టదు, ఇంటి పని మధ్యలోనే అయిపోతుంది.

59. మూడు నెలలకోసారి అంకెలన్నీ పట్టుకుని డాక్టరమ్మ దగ్గరికి పోండి. అంకె ఎనిమిది నుంచి నాలుగుకు దిగితే ఆ కలయికనే కొనసాగించమంటారు, కదలకపోతే మందు మారుస్తారు.

60. ఇంత చేసినా తగ్గకపోతే మీ ఓపికలో లోపం ఉందని ఎవరన్నా నమ్మకండి. మారాల్సింది చికిత్స. ఇంకో మందు ఉంది, ఇంకో డాక్టర్ ఉన్నారు, అడగడం ఆపకండి.